సత్తు పడవకు జెట్ స్కీ ఇంజను: మంజీర ఒడ్డున మా లెక్క

పోస్టు జర పొడుగున్నది, తీరికగా చదవండి.

మేము నలుగురం కలిసి రాస్తున్నం. నలుగురం కల్హేర్ మండలం తండాల పిల్లలం, ఒకే హాస్టల్, ఒకే రూం. ఇద్దరు మెకానికల్, ఒకరు ఎలక్ట్రికల్, ఒకరు డిగ్రీ. మా నాలుగు ఇండ్లల్లో కాలేజీ గేటు దాటింది మేమే మొదలు. దసరా దాటినంక మా యాడి, బా చెరుకు నరకనీకి పోతరు, మళ్ల ఎండలు ముదిరినంకనే ఇంటికి వస్తరు. అందుకే ఫోన్‌లో ఏదన్నా మిషన్ కనబడితే మాకు మొదట వచ్చే ప్రశ్న ఒక్కటే: ఇది మన దిక్కు దేనికి పనికొస్తది?

అట్లనే ఒక వీడియో కనబడ్డది. వేరే దేశపు పోరగాండ్లు పాత జెట్ స్కీ కొని, దాని ఇంజను, పంపు పీకి, పన్నెండు అడుగుల చిన్న అల్యూమినియం పడవలో బిగించుకున్నరు. మోకాలు లోతు కూడా లేని ఏట్ల, రాళ్ల మీదుంచి దూసుకపోతున్నరు. మాలో ఒకడు వెంటనే అన్నడు, "మన మంజీర బ్యాక్ వాటర్ సుత మోకాలు లోతే గదా!" నవ్వినం గని, ఆ రాత్రి లైట్లు బంద్ అయినంక కూడా అదే ముచ్చట.

మా దిక్కు తెలియనివాళ్ల కోసం చెప్తున్నం. నిజాంసాగర్ కట్ట పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కట్ట అచ్చంపేట దగ్గర ఉంటది, నీళ్లు మాత్రం వెనక్కి తన్ని మా చేన్ల దాకా వస్తయి. కొత్తల్ల 29 టీఎంసీల పైన పట్టిన ప్రాజెక్టు ఇప్పుడు 17.8 టీఎంసీలే పడుతది. మిగతా జాగ అంతా పూడికే. నీళ్లు కాలువలెంబడి బాన్సువాడ, బోధన్ దిక్కు పోతయి, ఒండ్రు మా దిక్కు ఉండిపోతది. ఇది ఫిర్యాదు కాదు, లెక్క. ఈ ఒండ్రే పడవ కథలో మాకు అడుగడుగున అడ్డం వచ్చింది, అందుకే ముందే చెప్తున్నం.

నీళ్లు నిండుగ ఉన్న నెలల్లో అవతలి ఒడ్డు కండ్లకు కనబడుతది. అక్కడ మన చుట్టాల తండా ఉన్నది. రోడ్డు మీద పోవాలంటే బండి మీద బండి మారి ఒక పూట గడుస్తది. అందుకని జనం తెప్పల మీద, థర్మాకోల్ ముక్కలు సంచుల్లో కుట్టి చేసుకున్న వాటి మీద దాటుతరు. రెండేండ్ల కింద మాలో ఒకని మేనమామ అట్లనే దాటుతుంటే గాలి లేసింది. మూడో రోజు దొరికిండు. అప్పటి నుంచి మా దోస్తు నీళ్ల ముచ్చట వస్తే లేచి బయటికి పోయేటోడు. ఈ పడవ లెక్కలకు మాత్రం అందరికంటే ముందు నోట్‌బుక్ తెరిచింది వాడే.

ఇగ జెట్ స్కీ సంగతి. ఇంజన్ పంపు నడిపిన ఇండ్లల్లో పుట్టినోళ్లకు ఇది కొత్త వస్తువు కాదు. పొలం కాడ డెలివరీ పైపు చేతుల పట్టుకుంటే నీళ్లు ముందుకు కొడుతుంటే పైపు మనల్ని వెనక్కి తోస్తది గదా, అంతే. ఆ వెనక్కి తోసే బలం మీదనే జెట్ స్కీ నడుస్తది. పడవ అడుగున జాలి బిగించిన నోరు, అందులోంచి నీళ్లు గుంజే చక్రం, దాన్ని ఇంపెల్లర్ అంటరు. అడ్డం దాదాపు ఆరు ఇంచులు, నిమిషానికి ఆరేడు వేల చుట్లు తిరుగుతది. చక్రం తిప్పిన నీళ్లు సుడి తిరుగుతయి కాబట్టి, వాటిని నిటారు చేసే కదలని రెక్కలు దాని వెనుక ఉంటయి. ఆ తర్వాత సన్నబడే మూతి, నాజిల్. పడవ ఎంత వేగంగ పోవాలంటే, నీళ్లు మూతిలోంచి అంతకంటే వేగంగ వెనక్కి పోవాలె. చుక్కాని లేదు. మూతినే కుడికి ఎడమకు తిప్పుతరు.

దీన్ని పడవకు పనికొచ్చేటట్టు చేసింది కూడా మనలాగ పశువులు, చేన్ల నడుమ బతికిన మనిషే. న్యూజిలాండ్‌ల బిల్ హామిల్టన్ అని గొర్రెల ఫారం నడిపేటోడు. వాళ్ల దిక్కు ఏర్లు వెడల్పుగ, పలుచగ, గులకరాళ్ల మీద పారుతయి. మామూలు పంకా పెట్టిన పడవ పోతే పంకా రాళ్లకు తగిలి విరుగుతది. 1950ల మొదట్ల ఆయన పంపుతోని పడవ నడిపిండు. మొదలు నీళ్లను పడవ కిందికి వదిలితే వేగం అంతంత మాత్రమే. మూతిని నీటి మట్టానికి కొంచెం పైకి తెచ్చి గాలిలోకి వదిలినంకనే పడవ లేసింది. 1960లో వాళ్ల పడవలు అమెరికాల కొలరాడో నది గ్రాండ్ కాన్యన్ మీద ఎదురెక్కినయి. 1977లో ఎవరెస్ట్ ఎక్కిన హిల్లరీ మూడు జెట్ పడవలు తీసుకొని గంగాసాగర్ నుంచి గంగ ఎదురెక్కిండు, హిమాలయాల్లో నందప్రయాగ దగ్గర జలపాతం అడ్డం వచ్చేదాకా. జెట్ స్కీ అనే పేరు కవాసాకి కంపెనీది, 1970ల మొదట్ల అమ్మకానికి వచ్చింది. మనం జీపు అన్నట్టు ఇప్పుడు అన్నింటినీ అదే పేరుతోని పిలుస్తున్నరు.

ఇదంతా చదివినంక మాకు ఆశ పెరిగింది. పలుచని నీళ్లు మాకున్నయి, పైగా కింద తిరిగే పంకా ఉండదు కాబట్టి బర్రెలు, ఈదే పిల్లలు ఉన్న చోట కోసేటిది ఏమీ ఉండదు. తక్లీబు ఎక్కడ మొదలైతదంటే, పడవను కోసే దగ్గర.

పడవ మా దోస్తు ఒకడు ఇచ్చిండు, వాళ్లు చేపలు పట్టేటోళ్లు. పాతది, పదకొండు అడుగులు, అల్యూమినియం రేకు. మన ఇండ్లల్ల అల్యూమినియం అంటే సత్తు గదా, సత్తు గిన్నె, సత్తు తపేలా. అందుకే మా పడవ పేరు సత్తు పడవ అయింది. దీంట్ల జెట్ స్కీ పంపు పెట్టాలంటే అడుగుకు పెద్ద బొక్క కొట్టాలె. నీళ్లు గుంజే సొరంగం లాంటి భాగం జెట్ స్కీలో ఫైబర్‌తోని ఉంటది. దాన్ని కోసి తెచ్చి బిగించాలె, లేదా సత్తు రేకుతోనే కొత్తగ చేసి అతికించాలె. ఎక్కడ సన్నని సందు ఉన్నా పంపు నీళ్లతోపాటు గాలి కూడా గుంజుతది. గాలి గుంజిన పంపు ఏమైతదో బావి కాడ అందరం చూసినం, మోత తప్ప నీళ్లుండయి. ఇంజను, పంపు మధ్య ఇరుసు వెంట్రుకవాసి కూడ వంకర ఉండొద్దు, ఉంటే బేరింగులు పోతయి. సత్తుకు వెల్డింగ్ అంటే గేట్లు, గ్రిల్లులు చేసే షాపుల అయ్యే పని కాదు, ఆర్గాన్ గ్యాస్ మిషన్ కావాలె. గిన్నెకు మాటు వేసినట్టు వేస్తే నడి నీళ్లల్ల ఊడుతది. స్టీలు బోల్టు సత్తు రేకు నీళ్లల్ల ఆనుకొని ఉంటే ఏండ్లు గడిచే కొద్ది సత్తే తినుకపోతది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, పడవ అడుగున పేరుకుంటది, స్టార్ట్ చేసే ముందు దాన్ని బయటికి ఊదే ఫ్యాన్ లేకపోతే ఒక్క నిప్పురవ్వ చాలు. ఇంజను, పంపు, బ్యాటరీ, ట్యాంకు అన్నీ కలిస్తే ఒక మనిషి బరువు దాటుతది, అదంతా పడవ తోక దిక్కే.

ఇవన్నీ పైసలుంటే అయ్యే పనులే. వీడియోల పోరగాండ్లు చేసిండ్రు గదా. మమ్మల్ని ఆపినవి వేరే.

ఒకటి ఒండ్రు. చాలా జెట్ స్కీల ఇంజను తన పంపు నీళ్లతోనే చల్లబడుతది. సముద్రంల, మంచి చెరువుల సరే. బురద నీళ్లు ఇంజను లోపలి సన్న దారుల్లో తిరిగితే అవి మూసుకపోతయి. ఇసుక, మట్టి కలిసిన నీళ్లు ఇంపెల్లర్ అంచును అరగదీస్తయి. చక్రానికి, దాని చుట్టూ ఉన్న గొట్టానికి మధ్య సందు మిల్లీమీటరు కూడా ఉండొద్దు, అది పెరిగిన కొద్ది బలం పోతది. మా నీళ్లల్ల నాచు, తెగిపోయిన వలల నైలాన్ దారం, నీళ్లు తగ్గినప్పుడు శిఖం భూమిల మొలిచిన తుమ్మ మొదళ్లు కూడ ఉన్నయి. దారం చక్రానికి చుట్టుకుంటే నడి నీళ్లల్ల పడవ కిందికి చెయ్యి పెట్టి తియ్యాలె.

రెండోది, యాక్సిలేటర్ వదిలితే జెట్ పడవకు మలుపు లేదు. మలిపేది నీటి ధారే కాబట్టి, ధార ఆగితే హ్యాండిల్ ఎటు తిప్పినా పడవ ముందుకే పోతది. భయపడ్డ మనిషి మొదట చేసే పని యాక్సిలేటర్ వదలుడే. ఎదురుంగ తెప్ప ఉన్నదనుకోండి. మా దోస్తు ఈ వాక్యం చదివి పుస్తకం మూసిండు. చాలాసేపటికి, "తెప్ప మీద మనిషుంటడు" అన్నడు.

మూడోది పెట్రోలు. పెద్ద జెట్ స్కీ పూర్తి వేగంల గంటకు 30 లీటర్ల పైన తాగుతది. అంటే మూడు వేల రూపాయల పైమాట. మా యాడి, బా జోడీగా చెరుకు నరికితే అది నాలుగైదు రోజుల కూలి. పాత సామాన్ల దుకాణంల చెడిపోయిన జెట్ స్కీ ఒకటి ఉందని తెలిసి ఫోన్ చేస్తే తొంభై వేలు అన్నడు, ఇంజను తిరుగుతదో లేదో మాట ఇయ్యనన్నడు. ఇంత ఎందుకు తాగుతదో తెలుసుకుంటే మాకు అసలు గుట్టు దొరికింది.

అది మేము నోటిమాటగ నమ్మలే, చేసి చూసినం. ఒక రైతు దగ్గర రెండు ఇంచుల చిన్న పెట్రోల్ పంపు అడుక్కొచ్చినం. ఐదున్నర హార్స్‌పవర్, పాతిక కిలోల బరువు, చేతుల మీద మోయొచ్చు. పడవకు ఒక్క బొక్క కొట్టలే. సక్షన్ పైపుకు జాలి కట్టి పక్కనుంచి నీళ్లల్లకు వదిలినం, డెలివరీ పైపును తోక దిక్కు నిటారుగ వెనక్కి కట్టినం, హామిల్టన్ చెప్పినట్టు నీటి మట్టానికి జర పైన. అంతకు ముందు ఒడ్డు మీదనే 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఫోన్‌ల టైం చూసినం. 20 సెకన్లల్ల నిండింది. అంటే సెకనుకు 10 లీటర్లు, 10 కిలోల నీళ్లు. రెండు ఇంచుల మూతిలోంచి అన్ని నీళ్లు పోవాలంటే వేగం సెకనుకు దాదాపు 5 మీటర్లు. పదిని ఐదుతోని గుణిస్తే 50 న్యూటన్లు, అంటే సుమారు 5 కిలోల తోపు. మూతి ఒకటిన్నర ఇంచుకు తగ్గిస్తే డ్రమ్ము నిండనీకి 24 సెకన్లు పట్టింది. నీళ్లు తగ్గినయి గని వేగం పెరిగింది, లెక్క వేస్తే తోపు 6 కిలోలు. ఫిజిక్స్ పుస్తకంల ఇంటర్ నుంచి చదివిన సూత్రమే. డ్రమ్ము పక్కన నిలబడి వేసినప్పుడే అది మాదనిపించింది.

తర్వాత పడవను తాడుతోని ఒడ్డు మీది చెట్టుకు కట్టి, తాడు మధ్యల పత్తి తూచే స్ప్రింగ్ కాంటా తగిలించినం. ఇంజను పూర్తిగ లేపితే ముల్లు ఐదు దాటి ఆరు లోపల ఊగింది. లెక్క, కాంటా ఒకే మాట చెప్పినయి. ఆ నిమిషం మేము నలుగురం ఎగిరినం, ఒడ్డు మీది బర్రెలు బెదిరినయి. తాడు పొడుగు చేసి ఇద్దరం ఎక్కి చూస్తే పడవ మనిషి నడిచినంత వేగంగ పోయింది. ఎక్కినోళ్లిద్దరికీ జాకెట్లు, తాడు రెండో కొస ఒడ్డు మీది ఇద్దరి చేతుల్ల.

ఐదున్నర గుర్రాల ఇంజను ఆరు కిలోలు కూడ తొయ్యకపోవుడేంది? ఇక్కడే ఉన్నది గుట్టు. కొన్ని నీళ్లను చాలా వేగంగ నెట్టొచ్చు, లేదా ఎక్కువ నీళ్లను మెల్లగ నెట్టొచ్చు. తోపు రెండింటికీ ఒకటే రావొచ్చు గని, ఖర్చు ఒకటి కాదు. నీళ్లకు ఇచ్చే శక్తి వేగం వర్గంతోని పెరుగుతది. రెండింతల నీళ్లను సగం వేగంతోని నెడితే అదే తోపు సగం శక్తికే వస్తది. పొలం పంపు నీళ్లను ఎత్తుకు ఎక్కించనీకి చేసింది, జెట్ స్కీ పంపు గంటకు డెబ్బై, ఎనభై కిలోమీటర్లు పోనీకి చేసింది. మనకు కావాల్సింది నలుగురు మనుషులు, రెండు బియ్యం సంచులు, ఒక సైకిల్ మెల్లగ దాటుడు. దానికి పెద్ద రెక్కలతోని మెల్లగ తిరిగే పంకానే సరైంది. మనది ఒకప్పుడు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశమంతా లదెణి తిప్పిన జాతి. బరువు ఎక్కువైనప్పుడు ఎద్దును ఉరికించొద్దని మన తాతలకు తెలుసు.

అందుకని జెట్ స్కీ ఇంజను ఆలోచన పక్కన పెట్టినం. కాలేజీల ఒకాయన మా డ్రాయింగ్ చూసి, "తండాలకు జెట్ స్కీ ఏందిర, ముందు రోడ్డు అడుక్కోండి" అన్నడు. రోడ్డు కూడ అడుగుతున్నం సార్. మేము పక్కన పెట్టింది ఆ మాటకు కాదు, కాంటా ముల్లు చూసి.

ఇప్పుడు చేస్తున్నది పొడుగు ఇరుసు పడవ. థాయిలాండ్‌ల ప్రతి కాలువ మీద కనబడే పద్ధతి. ఇంజను పడవ తోక మీద పైనే ఉంటది, దాని నుంచి ఏడెనిమిది అడుగుల ఇరుసు ఏటవాలుగ వెనక్కి పోతది, కొసకు పంకా. నీళ్లు పలుచబడితే, నాచు వస్తే, వల కనబడితే హ్యాండిల్ కిందికి నొక్కుతే పంకా నీళ్లల్లోంచి లేస్తది. దారం చుట్టుకుంటే పడవల కూసొని పీక్కోవచ్చు. ఇంజను గాలితోనే చల్లబడుతది కాబట్టి ఒండ్రు లోపలికి పోదు. పడవ అడుగుకు బొక్క లేదు. పంపు నడిపిన ఆ ఐదున్నర హార్స్‌పవర్ ఇంజనే దీనికి చాలు, చెడిపోతే నారాయణఖేడ్‌ల ఏ మెకానిక్ అయినా చూస్తడు. ఒక్క మాట, ఇది జెట్ కాదు, పంకా బయటనే తిరుగుతది. చుట్టూ ఇనుప కమ్మీల పంజరం కడుతున్నం. ఎలక్ట్రికల్ దోస్తు బ్యాటరీ ఆటో మోటర్ పెడుదామంటున్నడు, చప్పుడుండదు, చేపలోళ్లు కోప్పడరు అని. ఆ కొట్లాట రూంల ఇంకా నడుస్తున్నది.

అసలు కష్టం మిషన్ కాడ రాలే. పడవ నడిచిన సంగతి తెలిసిన తెల్లారి తండా జనం ఒడ్డుకు వచ్చిండ్రు. అవతలి ఒడ్డున పెండ్లి ఉన్నది, పది మందిని దాటియ్యమన్నరు. మేము వద్దన్నం. ఒక అవ్వ మా మొఖాలు చూసి, "సదువుకున్నోళ్లు అయినంక మీరు గూడ ఆఫీసరోళ్ల లెక్కనే మాట్లాడుతున్నరు కొడుకా" అన్నది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతున్నది. పది మందిని ఎక్కిస్తే ఆ పడవ అంచు నీటికి బెత్తెడు కూడ ఉండదని ఆమెకు ఎట్ల చెప్పాలె? ఇసుకల గీసి చూపెట్టినం. వినలే. కోపంతోనే పోయింది.

గ్రూపులో గోదావరి దిక్కు తమ్ముళ్లున్నరు, మీకు చెప్పేదేమున్నది. 2019 సెప్టెంబర్ 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట బోటు మునిగింది. డెబ్బై మందికి పైగా ఎక్కిన పెద్ద బోటు అది, ఇంజన్లున్న బోటు. సుడిల తిరగబడ్డది. ప్రాణాలతోని బయటపడ్డోళ్లను నీళ్లల్లోంచి లాగి ఒడ్డుకు చేర్చింది ఆ ఒడ్డు పల్లెల గిరిజనులు, తమ చిన్న పడవల మీద. బోటును బయటికి తీయనీకి ధర్మాడి సత్యం బృందానికి 38వ రోజు దాకా పట్టింది. మేము అప్పుడు స్కూల్ పిల్లలం, హాస్టల్ టీవీల చూసినం. ఇంజను ఉన్నంత మాత్రాన పడవ గట్టిది కాదని అప్పుడు చూసింది మర్చిపోలే.

ఇంజను బిగించిన పడవ అంటే చట్టం కూడ ఉన్నది. 2021లో వచ్చిన అంతర్గత జలమార్గాల నౌకల చట్టం ప్రకారం ఇంజను మీద నడిచే పడవకు తనిఖీ, రిజిస్ట్రేషన్ ఉండాలె. మా దాంట్ల అవి అయ్యేదాకా మనుషులను దాటియ్యం, తాడు విప్పం. చేపల సొసైటీ వాళ్లతోని కూడ కూసొని మాట్లాడినం. నీళ్లల్ల వాళ్ల వలలు ఉంటయి, వాళ్ల బతుకు ఉన్నది. ఏ దారిల పోతే వలలు తెగవో వాళ్లే చూపెట్టిండ్రు.

ఇప్పుడు పడవ ఒడ్డు మీద బోర్లించి ఉన్నది. ఇరుసు లేత్ మీద తిప్పిచ్చినం, రెండు బేరింగులు తెచ్చినం. ఇరుసు చుట్టూ గొట్టంల నీళ్లు ఎక్కకుండ సీలు ఎట్ల పెట్టాలనేదే తేలలే. భద్రాచలం, పోలవరం దిక్కు నాటు పడవలకు ఇంజను బిగించుకున్నోళ్లు మీకు తెలిసి ఉంటే, ఆ ఇరుసు కొస దగ్గరి నుంచి తీసిన ఫోటో ఒకటి పెట్టండి. లైఫ్ జాకెట్లు మా దగ్గర రెండే ఉన్నయి, ఇంకో నాలుగు కావాలె. పాతవైనా సరే, బెల్టులు తెగకుండ ఉంటే చాలు.